వీరుడు తుర్రేబాజ్‌ఖాను

మన ప్రాంతమున ఎవడైనను తన శక్తికి మించిన మాటలాడినచో, పెద్ద తుర్రేబాజ్‌ఖాను వచ్చినాడని నలుగురును ఎగతాళి చేయుట పరిపాటి. రచ్చబండల వద్దను, బజారులలోను, తగవులలోను ఈ పేరు తరచుగా వినబడుచుండును. నాలుక తిరుగనివారు దానిని తురుంఖాను అనియు అందురు. ఈ మాట పలుకువారిలో అనేకులకు అట్టి మనుష్యుడొకడు నిజముగా ఉండెననియు, అతడు మన హైదరాబాదు వాడే యనియు తెలియదు. ప్రగల్భమునకు మారుపేరుగా నిలిచిన ఈతడు ప్రగల్భములాడి ఊరకున్నవాడు కాడు. 1857వ సంవత్సరము జూలై 17వ తేదీ సాయంకాలమున, దక్షిణాపథమున ఆంగ్లేయ ప్రభుత్వమునకు ఆయువుపట్టుగా ఉండిన హైదరాబాదు రెసిడెన్సీపై ఆయుధము పట్టి దాడి నడిపిన నాయకుడు. ఆ దాడి ఒక్క రాత్రితో ముగిసెను. దాని ఫలితముగా అతడు తన స్వేచ్ఛను, తుదకు ప్రాణమును కోల్పోయెను.

తుర్రా యనగా తలపాగాపై నిలుపు కుచ్చు. మన భాషలో తురాయి యని వాడు మాట దీనికి చుట్టమే. తుర్రేబాజ్‌ఖాను హైదరాబాదు నగరములోని బేగంబజారు వాడు. జాతిచే రోహిల్లా. ఈ రోహిల్లాలు పూర్వము ఆఫ్ఘను దేశమునుండి వచ్చి గంగా యమునల కావలి రోహిల్‌ఖండమున స్థిరపడిన పఠానులు. అక్కడ తమ రాజ్యము చెడిపోయిన పిమ్మట వీరిలో పలువురు కత్తిని నమ్ముకొని దేశదేశములు తిరిగి, కొందరు నిజాము రాజ్యమునకు వచ్చి చేరిరి. నాటి హైదరాబాదులో అరబ్బులు, సిక్కులు, రోహిల్లాలు మొదలగు జాతుల సిపాయిలు జమేదారుల క్రింద జీతమునకు కుదిరి జీవించుచుండిరి. జమీందారులకును సాహుకారులకును కావలికాయుట, బాకీలు రాబట్టుట, పేష్కషు సొమ్మునకు రక్షణగా వెళ్ళుట వీరి పనులు. జీతములు సకాలమున అందక వీరు పస్తులుండిన దినములును కలవు. తుర్రేబాజ్‌ఖాను ఇట్టి వారిలోని యొక నాయకుడు.

అతని సాహసము తెలియవలెనన్న నాటి రాజ్యస్థితి కొంత తెలియవలెను. 1798లో నిజాము అలీఖాను ఆంగ్ల ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసికొనెను. నాటినుండి కంపెనీ సైన్యము రాజ్యమున నిలిచెను. దాని ఖర్చు నిజాము భరించెను. కంపెనీ ప్రతినిధి రెసిడెంటు. మూసీనది ఉత్తరపుటొడ్డున, నేడు కోఠి యనబడు చోట, కర్క్‌ప్యాట్రిక్ అను రెసిడెంటు కాలమున గొప్ప స్తంభములతోడను, విశాలమైన మెట్లతోడను ఒక భవనము కట్టబడెను. అదియే రెసిడెన్సీ. నదికి దక్షిణమున చార్మినారు చుట్టును నిజాము నగరము. ఉత్తరమున రెసిడెంటు నివాసము. పేరునకు రాజు ఆవలి యొడ్డున, పెత్తనము ఈవలి యొడ్డున ఉండెనని చెప్పవచ్చును.

దీనికి తోడు హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సైన్యము ఏర్పడెను. దానిని నడుపువారు ఆంగ్లేయ అధికారులు. జీతము నిజాము ఖజానానుండి. ఆదాయమునకు మించిన ఈ వ్యయము ఏటేట బాకీగా పెరిగెను. బాకీ పెరిగిన కొలది కంపెనీ గద్దించెను. 1853లో డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉండగా, ఆ సైన్యపు జీతముల నిమిత్తము బేరారును, రాయచూరు దోఆబును, ఉస్మానాబాదు ప్రాంతమును కంపెనీ యధీనము చేయుచు నిజాము నాసిరుద్దౌలా ఒడంబడికపై సంతకము చేయవలసి వచ్చెను. లెక్కపుస్తకమున ప్రారంభమైన వ్యవహారము దేశము చేతులు మారుటతో ముగిసెను. ఇది ప్రజల మనస్సులను నొప్పించెను. ఆ సంవత్సరముననే ఇరువదినాలుగేండ్ల యువకుడైన మీర్ తురాబ్ అలీఖాను, అనగా మొదటి సాలార్‌జంగు, దివానుగా నియమింపబడెను.

1857 మే 10వ తేదీన మీరటులో సిపాయిలు తిరుగబడి, మరునాడు ఢిల్లీ చేరి, వృద్ధుడైన బహదూర్‌షాను చక్రవర్తిగా ప్రకటించిరి. ఆ మాసముననే ఇచ్చట నిజాము నాసిరుద్దౌలా మరణించెను. అతని కుమారుడు అఫ్జలుద్దౌలా సింహాసన మెక్కెను. రెసిడెంటుగా డేవిడ్‌సను క్రొత్తగా వచ్చియుండెను. రాజు క్రొత్త, రెసిడెంటు క్రొత్త, ఉత్తర దేశమంతయు మంటలు. ఢిల్లీ వార్తలు హైదరాబాదు చేరగనే నగరమున కలవరము పుట్టెను. మసీదుల గోడలపై యుద్ధమునకు పిలుపునిచ్చు కాగితములు అంటింపబడెను. నిజాము తిరుగబడినచో దక్షిణమంతయు చేజారునని బొంబాయి గవర్నరు మొదలు ఆంగ్లేయ అధికారులెల్లరు భయపడుచుండిరి. దివాను సాలార్‌జంగు మాత్రము ఆంగ్లేయులతోడి మైత్రి విడువరాదని నిశ్చయించుకొనెను.

జూను మాసమున ఔరంగాబాదులోని కంటింజెంటు అశ్వదళము తిరుగబడెను. ఢిల్లీలోని తమ సోదరులపై యుద్ధము చేయుటకు తమ్మును గొనిపోవుదురను అనుమానము వారిని పీడించెను. ఆంగ్లేయ సేనానులు ఫిరంగులతో వచ్చి ఆ తిరుగుబాటును క్రూరముగా అణచిరి. కొందరు ఉరితీయబడిరి, కొందరు కాల్చబడిరి. అప్పుడు జమేదారు చీదాఖాను అనువాడు కొందరు సవారులతో తప్పించుకొని, తమ ప్రభువైన నిజాము ఆశ్రయమిచ్చునను నమ్మకముతో హైదరాబాదు చేరెను. సాలార్‌జంగు వారిని పట్టించి రెసిడెంటు చేతికి అప్పగించెను. శరణు కోరి వచ్చినవారిని పరులకు ఒప్పగించిరను మాట నగరమున దావానలమువలె వ్యాపించెను. రామాయణమున విభీషణుని కథ విన్న మనకు శరణాగతుని విడుచుట ఎంతటి దోషమో చెప్పనక్కరలేదు. ముసల్మానుల మర్యాదయందును అది యంతటి దోషమే.

జూలై 17వ తేదీ శుక్రవారము. మక్కామసీదున ప్రార్థనకు జనము పెద్దగా కూడెను. చీదాఖానును అతని సహచరులను విడిపింపుమని నిజామును కోరవలెనని కొందరు పలికిరి. కోరుటతో కార్యము కాదని మరికొందరు తలచిరి. అట్టి వారికి ఇద్దరు నాయకులు దొరకిరి. ఒకడు మౌల్వీ అల్లావుద్దీను. మతశాస్త్రము చదివిన పండితుడు. రెండవవాడు తుర్రేబాజ్‌ఖాను. ఒకడు మాటచేతను, ఒకడు కత్తిచేతను జనులను నడిపించిరి. సుమారు 500 మంది రోహిల్లాలు, వారి వెంట నగరప్రజలు కొందరును మూసీ దాటి రెసిడెన్సీ వైపు కదలిరి.

అయితే ఈ వార్త వారికంటె ముందు రెసిడెన్సీ చేరెను. సాలార్‌జంగు రెసిడెంటునకు హెచ్చరిక పంపియుండెను. అచ్చట ఫిరంగులు సిద్ధముచేయబడెను, సైనికులు గోడల వెంట నిలిచిరి. తుర్రేబాజ్‌ఖాను వచ్చునప్పటికి తలుపులు మూయబడియుండెను. అతడు వెనుదిరుగలేదు. రెసిడెన్సీ పడమటి గోడ కెదురుగా, పుత్లీబౌలీ ప్రక్కన, అబ్బన్ సాహెబు, జయగోపాల్‌దాసు అను సాహుకారుల మేడలు రెండు ఉండెను. అతని మనుష్యులు ఆ రెండు మేడలను ఆక్రమించి, వాని పైనుండి రెసిడెన్సీపై తుపాకులు కాల్చిరి. ఆ గోడలే వారికి కోటలయ్యెను. లోపలినుండి ఫిరంగులు జవాబు చెప్పెను. ఆనాటి సంధ్యనుండి తెల్లవారుజాము వరకు ఆ పోరు సాగెను.

తుపాకికిని ఫిరంగికిని ఎంత అంతరమో రణము చూడనివారును ఊహింపగలరు. ఇటువైపు చేతి తుపాకులు, కత్తులు. అటువైపు శిక్షణ పొందిన ఫిరంగి దళము. నగరమునుండి మరికొంత సహాయము వచ్చునని వారు ఆశించియుందురు. కాని దివాను ఆజ్ఞచే నగర ద్వారములు కట్టుదిట్టము చేయబడెను. అతని నమ్మకస్తులైన అరబ్బు సిపాయిలు కావలి కాచిరి. నిజాము మౌనముగా ఉండెను. తెల్లవారునప్పటికి దాడి విఫలమయ్యెను. పలువురు మరణించిరి, మిగిలినవారు చెదరిపోయిరి. తుర్రేబాజ్‌ఖానును, మౌల్వీ అల్లావుద్దీనును ఆ చీకటిలో తప్పించుకొనిరి.

కొలది దినములలోనే తుర్రేబాజ్‌ఖాను పట్టువడెను. విచారణ జరిగెను. ప్రభుత్వము వారికి అతని దేహముకంటె అతని నోటి మాట ముఖ్యమయ్యెను. మౌల్వీ ఎచ్చట దాగెను, నగరమున ఎవరెవరు తోడ్పడిరి, ధనమిచ్చినవారెవరు అనునవి తెలిసినచో ఇంకను పలువురను బంధింపవచ్చును. తుర్రేబాజ్‌ఖాను దాడి చేసితినని ఒప్పుకొనుటకు వెనుదీయలేదు. సహచరుని జాడ మాత్రము చెప్పలేదని చరిత్రకారులు వ్రాసిరి. తన ప్రాణము దక్కించుకొనుటకు పరుల పేరులు చెప్పుట అట్టి సమయమున లోకమున సామాన్యము. ఆ సామాన్య మార్గమును అతడు త్రొక్కలేదు. అతని ధైర్యమును ఆ రాత్రి తుపాకి మ్రోతలకంటె ఈ మౌనమే ఎక్కువగా తెలుపును. గుంపులో నిలిచి పోరాడునప్పుడు ప్రక్కవాని ఆవేశము తోడుండును. బందిఖానాలో ఒంటరిగా నిలిచినప్పుడు తన మనస్సు తప్ప వేరు తోడుండదు.

అతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపబడెను. 1857 తిరుగుబాటువారిని ఉంచుటకై అండమాను దీవులలో 1858లో బందీల వలస నెలకొల్పబడెను. సముద్రము దాటి అచ్చటికి పోయినవారు తిరిగి తమ ఊరు చూచుట అరుదు. ఓడ యెక్కవలసిన దినమునకై ఎదురుచూచుచు తుర్రేబాజ్‌ఖాను హైదరాబాదు చెరలోనే ఉంచబడెను.

ఈలోగా దేశమున ఎన్నో మార్పులు జరిగెను. ఢిల్లీ ఆంగ్లేయుల వశమయ్యెను. లక్నో పడిపోయెను. ఝాన్సీ రాణి లక్ష్మీబాయి 1858 జూనులో గ్వాలియరు వద్ద పోరాడుచు మరణించెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన కంపెనీ పాలన తొలగి విక్టోరియా రాణి పాలన ప్రకటింపబడెను. అయినను యుద్ధము పూర్తిగా ఆరలేదు. తాంతియా తోపే నర్మద దాటి దక్కను వైపు వచ్చుటకు ప్రయత్నించెను. సురపురము రాజు వెంకటప్ప నాయకుడు తిరుగబడి నశించెను. ఆదిలాబాదు అడవులలో రాంజీ గోండు నాయకత్వమున గోండులును రోహిల్లాలును కలిసి పోరాడుచుండిరి. నిప్పు పైకి కానరాకున్నను బూడిద క్రింద కణకణలాడుచుండెను.

అట్టి సమయమున, 1859 జనవరి 18వ తేదీన, తుర్రేబాజ్‌ఖాను చెరనుండి తప్పించుకొనెను. తనకు కాపలాగా ఉన్న సిపాయిలనే తనవైపు త్రిప్పుకొని, వారితో కూడ అతడు బయటపడెను. జీతమునకు నిలిచిన కావలివారు తమ కొలువును, ప్రాణమును పణముగా పెట్టి ఒక బందీ వెంట నడచిరన్న, వాని మాటకు జనులలో ఎంతటి విలువ ఉండెనో గ్రహింపవచ్చును. ప్రభుత్వము వెంటనే అతనిని పట్టి యిచ్చినవారికి 5,000 రూపాయల బహుమానము ప్రకటించెను. సిపాయి నెలజీతము కొలది రూపాయలుగా ఉన్న ఆ దినములలో అది యొక కుటుంబము తరతరములు కూర్చుండి తినగల మొత్తము.

అతడు నగరము విడిచి ఉత్తరముగా సాగెను. హైదరాబాదునుండి నాగపురము పోవు బాటలో తూప్రాను ఉన్నది. మన తెల్లాపూరును తూప్రానును మొన్నమొన్నటి వరకు ఒక్క మెదకు జిల్లాలోనివే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తెల్లాపూరు సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చెను, తూప్రాను మెదకు జిల్లాలోనే నిలిచెను. తుర్రేబాజ్‌ఖాను కాలమున జిల్లాలే లేవు. సాలార్‌జంగు జిల్లాబందీ 1865లో జరిగినది. అంతకుముందు తాలూక్‌దారులు శిస్తు వసూలు చేయుచు, తమ ప్రాంతమున శాంతిభద్రతలను కూడ చూచుకొనుచుండిరి. అట్టి తాలూక్‌దారు మీర్జా కుర్బాన్ అలీ బేగు తన మనుష్యులతో అతని జాడ తీసెను.

1859 జనవరి 24వ తేదీన తూప్రాను సమీపమున తుర్రేబాజ్‌ఖాను చంపబడెను. చెరనుండి బయటపడిన ఏడవనాడు అది. అతనిని చంపినవాడు ఆంగ్లేయుడు కాడు. అతని భాష మాటలాడువాడే, అతని దేవుని ప్రార్థించువాడే, ఒకే నిజాము ఉప్పు తిన్నవాడే. మన దేశ చరిత్రలో ఇది ఒంటరి సంఘటన కాదు. కావుననే దీనిని మరువకుండుట మంచిది. పరుల పాలన పరుల బలముతో మాత్రమే నిలువదు, ఇంటివారి సహాయముతో నిలుచును.

చంపుటతో పాలకుల కోపము తీరలేదు. శవమును హైదరాబాదునకు తెచ్చి, రెసిడెన్సీ సమీపమున, అతడు దాడి చేసిన చోటనే, జనులెల్లరు చూచునట్లు వ్రేలాడదీసిరి. ఆ దారిన పోవువారు తలయెత్తి చూచి భయపడవలెనని వారి తలంపు. భయపడినవారు ఉండవచ్చును. కాని ఆ పేరు మాత్రము ఆనాటినుండి జనుల నోట నిలిచిపోయెను. అతని సహచరుడు మౌల్వీ అల్లావుద్దీను కూడ పట్టువడెను. 1859లో అతనిని అండమాను దీవులకు పంపిరి. అచ్చటనే అతడు కన్ను మూసెను.

ఈ కథయందు సాలార్‌జంగును గూర్చి ఏమి యనుకొనవలెనను ప్రశ్న పాఠకులకు కలుగును. అతడు అల్పుడు కాడు. అప్పులలో మునిగిన రాజ్యమును ఒడ్డునకు చేర్చెను. శిస్తు పద్ధతిని చక్కదిద్దెను. న్యాయస్థానములను, పాఠశాలలను ఏర్పరచెను. 1857లో ఆంగ్లేయుల పక్షము వహించినందుకు ప్రతిఫలముగా 1860 ఒడంబడికచే రాయచూరు దోఆబు, ఉస్మానాబాదు ప్రాంతము నిజామునకు తిరిగి లభించెను. సురపురము రాజ్యము కలిసెను. 50 లక్షల రూపాయల బాకీ రద్దయ్యెను. బేరారు మాత్రము ఆంగ్లేయుల చేతిలోనే ఉండిపోయెను. లెక్క వేసి చూచువారు సాలార్‌జంగు లాభమునే గడించెనని చెప్పుదురు. కాని ఆ లెక్కయందు చీదాఖాను మెడ, తుర్రేబాజ్‌ఖాను ప్రాణము ఏ పద్దున వ్రాయవలెను? రాజ్యము దక్కించుకొనుట మంత్రికి ధర్మము. శరణాగతుని కాచుట మనుష్యునకు ధర్మము. ఆ రెండు ధర్మములు ఎదురుపడిన దినమున ఒకడు ఒకదానిని, మరియొకడు రెండవదానిని పట్టుకొనెను. మొదటివానికి బిరుదములు వచ్చెను, రెండవవానికి ఎగతాళి మిగిలెను.

తుర్రేబాజ్‌ఖానునందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. ఫిరంగుల నెదిరించుటకు తగిన సాధనములు సమకూర్చుకొనక, నగరముతో ముందుగా పొందిక చేసికొనక అతడు తొందరపడెనని యుద్ధనీతి తెలిసినవారు అందురు. రోహిల్లాలు కూలిసిపాయిలు గదా, వారికి దేశభక్తి యెక్కడిదని ఆక్షేపించినవారును కలరు. కాని కూలికి పోరాడువాడు గెలుచు పక్షమునే వెదకును. జూలై 17వ నాటి రాత్రి గెలుచు పక్షము ఏదియో ఫిరంగులు చూచిన ఎవనికైనను తెలిసియుండును. ఆ దాడివలన అతనికి దొరకగల జీతమేమియు లేదు. బందీలను విడిపింపవలెనను కోరికయే అతనిని కదిలించెను. వారిని విడిపింపలేక తానే బందీ యయ్యెను.

అతడు ఆరంభించిన పని ఇతరుల చేతులలో సాగెను. రాంజీ గోండును 1860లో నిర్మలులో ఉరితీసిరి. ఎనుబది సంవత్సరముల తరువాత అదే ఆదిలాబాదు అడవులలో కొమురం భీము నిజాము పాలననెదిరించి జోడేఘాటున ప్రాణమిచ్చెను. పిమ్మట తెలంగాణము పల్లెపల్లెయు దొరల మీదను, రజాకారుల మీదను లేచి నిలిచెను. 1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్ర పాలన అంతరించెను. వీరెవ్వరును తుర్రేబాజ్‌ఖాను పేరు చెప్పుకొని లేచినవారు కారు. అయినను నిస్సహాయుడు బలవంతుని యెదుట తలయెత్తవచ్చునని ఈ నేలమీద ముందుగా చూపినవారిలో అతడొకడు.

నేడు కోఠిలో ఒక వీధికి తుర్రేబాజ్‌ఖాను పేరున్నది. అచ్చట అతని స్మారకమును కలదు. అతడు ముట్టడించిన రెసిడెన్సీ భవనము 1949లో స్త్రీల కళాశాల యయ్యెను. పల్లెలనుండి వచ్చిన ఆడపిల్లలు ఏడు దశాబ్దములకు పైగా ఆ మెట్లెక్కి చదువుకొనిరి. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయ మయ్యెను. 2024లో దానికి పాలకుర్తి భూమికై దొరల నెదిరించిన వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడెను. రెసిడెంటు ఆజ్ఞలు వెలువడిన భవనము ఒక చాకలి ఇంటి స్త్రీ పేరు ధరించుట కాలము చేసిన తీర్పు. తుర్రేబాజ్‌ఖాను తుపాకులతో భేదింపలేని ఆ గోడలను అక్షరములు భేదించినవి.

ఇకమీదట ఎవడైనను గొప్పలు పలికినప్పుడు తుర్రేబాజ్‌ఖానని ఎగతాళి చేయబోవువారు ఒక్క క్షణము ఆగవలెను. చేయలేని మాటలు చెప్పినవానికి ఆ పేరు తగదు. ఇతరుల చెర విడిపింపబోయి తాను చెరలో పడినవానికి, అడిగినను మిత్రుని పేరు చెప్పనివానికి, 5,000 రూపాయలకు తన తల వెలకట్టబడినను తల వంచనివానికి ఆ పేరు తగును. పిల్లలు పెద్దలను ఆ మాటకు అర్థమడిగినప్పుడు ఈ కథ చెప్పుట ఆ వీరునకు మనము తీర్చవలసిన ఋణము.